కరుణమ్మలు ఇద్దరు

మీ కంప్యూటరు పాఠంలో ఒక్కొక్కరికీ ఒక్కో నెంబరు, ఆ ప్రైమరీ కీ, ఎందుకని అడిగావు కదా చిన్నీ, ఒకే పేరున్న ఇద్దరు ఒక్కరైపోకుండా ఉండడానికి. నువ్వు ఫోన్లో ఆ మాట అడుగుతుంటే పక్కింట్లో ఫినాయిలుతో గచ్చు కడుగుతున్నారు. ఆ వాసనకి, అమలాపురంలో నేను పనిచేసిన ఆసుపత్రి రికార్డుల గది, ఆ గదికి పెద్దయిన సువార్తమ్మగారు గుర్తొచ్చారు.

కంప్యూటరు కొత్తగా వచ్చినప్పుడు ఆవిడ మమ్మల్ని దాన్ని ముట్టుకోనివ్వలేదు. ముందు పాత క్యాలెండరు వెనక పెట్టెలు గీయించారు. రోగులకొకటి, వాళ్ళొచ్చిన రోజులకొకటి, పడని మందులకొకటి. ఏది ఎవరిదో తెలిసేలా గీతలు. ఒక సంగతి ఒక్కచోటే రాయాలనేవారు. రెండుచోట్ల రాస్తే ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతామట.

"మనోళ్ళకి నెంబర్లెందుకండీ? పేరు, ఇంటిపేరు, ఊరు చాలవా?" అన్నాను.

"నాయనమ్మ పేరే మనవరాలికి పెడతారు కదమ్మా. ఇల్లూ ఒకటే, ఫోనూ ఒకటే. ఇద్దరికీ కలిపి ఒకటే మాత్ర ఇచ్చేస్తావేటి?" అని నవ్వారు.

నేనూ నవ్వాను గానీ, చెవికెక్కించుకోలేదు. కొన్నాళ్ళకి కాట్రేనికోన కరుణమ్మ పేరు రెండుసార్లు కనబడింది. అన్నీ ఒకటే, వయసు గడి రెండింట్లోనూ ఖాళీ. పొరపాటున రెండుసార్లు ఎక్కిందనుకుని ఒకటి చెరిపేశాను. శుభ్రం చేశానని మురిసిపోయాను కూడా.

చెరిపింది తొమ్మిదేళ్ళ మనవరాలిది. ఆ పిల్లకి పెన్సిలిన్ పడదన్న సంగతి వేరే పెట్టెలో, ఆ నెంబరు కిందే ఉంది. నేను చూడలేదు.

పిల్ల జ్వరంతో వచ్చింది. పేరు వెతికితే మిగిలిన నెంబరే వచ్చింది, దాని కింద పడని మందేమీ లేదు. నర్సు పెన్సిలిన్ సూదిమందు సిద్ధం చేసి చెయ్యి పట్టుకుంది. బల్ల మీది చీటీలో నెంబరు చూసి సువార్తమ్మగారు, "ఆగండాగండి! అది ముసలావిడ నెంబరండీ!" అని కేకేశారు. సూది ఆగింది.

"ఎవరు చేశారిది?" అన్నారు డాక్టరుగారు.

నేను ఆవిడ వెనకే ఉన్నాను.

"నాదేనండీ తప్పు. చెరపబోతే వద్దనే ఏర్పాటు నేను పెట్టలేదు" అన్నారు సువార్తమ్మగారు.

డాక్టరుగారు అందరి ముందూ చాలా మాటలన్నారు. ఆవిడ తలవంచుకుని "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, "రామ్మా, ఇయ్యాల నీకో పని నేర్పుతాను" అన్నారు. ఒక నెంబరుకి ఎక్కడ ఏం ముడిపడి ఉన్నా, కంప్యూటరే దాన్ని చెరపనివ్వకుండా చేయడం. నా చేతే చేయించారు. రిటైరయ్యేదాకా ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఫోన్లో ఫొటో తీసేయాలన్నా ఒకసారి తెరిచి చూసుకుంటాను.

ఆవిడ పోయి ఆరేళ్ళు. ఆ గదిలో పనిచేసేవాళ్ళం ముగ్గురం. అందులో నన్నొక్కదాన్నే పిలిచి నేర్పారంటే, చెరిపింది నేనేనని ఆవిడకి తెలుసా చిన్నీ?