ఓబుల్‌రెడ్డి ‘పర్లేదు’

ఉద్యోగంలో నా చివరి మూడేళ్లు రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీరింగ్ డైరెక్టరుగా గడిచాయి. కొత్తవాళ్లను చేర్చుకునే కమిటీ కూడా నా కిందే ఉండేది. రిటైరవడానికి ముందు ఏడాది మార్చిలో మాకు ఒకే ఒక్క ఫ్రెషర్ పోస్టు మంజూరైంది.

ఆఖరి రౌండుకు వచ్చిన అమ్మాయి పేరు సంజన, ఊరు సిద్దిపేట. సీటు రావడమే గొప్పనుకునే విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదివింది. క్యాంపస్‌లో ఆఫరిచ్చిన కంపెనీ, చేరడానికి వారం ముందు దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఖాజాగూడ హాస్టల్లో ఉంటూ తిరగని ఆఫీసు లేదు. ఇక్కడా కాకపోతే ఇంటికెళ్లి బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలని ఇంట్లో ఒప్పందమట. అడిగితే దాచకుండా తనే చెప్పింది.

ఇంటర్వ్యూ చేసింది ఓబుల్‌రెడ్డి. కడప మనిషి, మా ఆర్కిటెక్టు, అంటే ప్రోగ్రామును ఎలా కట్టాలో నిర్ణయించే సీనియరు. గంట తర్వాత బయటికొచ్చాడు. ఎలా చేసిందని అడిగాను.

“పర్లేదు మేడం,” అంటూనే లిఫ్టులోకి దూరాడు. ఊళ్లో చెల్లెలి గృహప్రవేశం, బస్సుకు టైమైపోతోంది.

నిబంధన ప్రకారం అభిప్రాయం ఫారం ఇంటర్వ్యూ చేసినవాళ్లే నింపాలి. నాకు తొందరెక్కువ, నేనే నింపేశాను. మా గుంటూరు వైపు కూర పర్లేదన్నామంటే ఏదో ముద్ద దిగుతుందని అర్థం. ‘వద్దు’ గడిలో టిక్కు పెట్టాను. సాయంత్రం ఆరింటికి తిరస్కరణ మెయిలు దానంతటదే వెళ్లిపోయింది.

మర్నాడు ఫైలు మూసే ముందు ఆమె రాసిన కోడు తెరిచాను. ఏళ్ల తరబడి అందరికీ ఇస్తున్న ప్రశ్నే. మీటింగు గదుల బుకింగుల్లో ఒకదాని మీద ఒకటి పడేవి పట్టుకోవాలి. కోడు మొదలుపెట్టే ముందే ఆమె ఒక గమనిక రాసింది: రాత్రి పదకొండుకు మొదలై ఒంటిగంటకు అయిపోయే మీటింగైతే, ముగింపు అంకె మొదలుకన్నా చిన్నదవుతుంది, ప్రశ్నలో ఆ ఊసే లేదు. కింద ఇరవై పంక్తుల కోడు. సరైన జవాబని మేం దాచుకున్న ప్రోగ్రాముకు అలాంటి బుకింగు ఇచ్చి చూశాను. బోల్తా కొట్టింది. అనుమానమొచ్చి, ఆఫీసులో రోజూ వాడే బుకింగు సాఫ్ట్‌వేరులో చూశాను. అందులోనూ అదే తప్పు!

ఒకే గది ఇద్దరికి ఇస్తోందని నైట్‌షిఫ్టువాళ్లు మొత్తుకుంటే, చూసుకుని బుక్ చేసుకోండని వాళ్లకే క్లాసు పీకినదాన్ని నేను. ఇంతమంది ఇంజినీర్లం, ఒక్కరి కంటికీ ఆననిది ఉద్యోగం లేని పిల్ల గంటలో పట్టేసింది. లేచి నిలబడి మళ్లీ మొదటి నుంచి చదివాను. అబ్బ, ఎంత శుభ్రంగా రాసిందో!

ఓబుల్‌రెడ్డికి ఫోన్ చేసి, ఇంత బాగా చేస్తే పర్లేదంటావేమయ్యా అని గట్టిగానే అడిగాను.

“అందుకే గదా మేడం పర్లేదంటి! మా పాపకు స్టేట్ ర్యాంకొచ్చినప్పుడు గూడా ఆ మాటే అంటి. అంతకన్నా ఏం జెప్పల్ల?”

ఒకసారి తిరస్కరించినవాళ్లను ఆరు నెలల దాకా పిలవకూడదు. సిస్టమే ఒప్పుకోదు. దాన్ని తెరిపించాలంటే పొరపాటు ఎవరిదో హెచ్.ఆర్. అధిపతికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటర్వ్యూలో నేను లేనని, కోడు చూడలేదని, అయినా టిక్కు పెట్టానని రాసి సంతకం చేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది.

ఫోన్ చేసేసరికి సంజన సామాను సర్దుకుని సిద్దిపేట బస్సెక్కి కూర్చుంది.

“నిన్ననే వద్దని మెయిలొచ్చింది గద మేడం, మళ్ల ఏమైంది?” అంది.

తప్పు నాదని, ఉద్యోగం తనదని చెప్పాను.

“అయితే ఇగ బస్సు దిగాల్నా మేడం?”

దిగమన్నాను.

తర్వాత ఆ ఫారంలో ‘ఎలా చేశారు’ అన్న గడి తీయించి, ‘ఏం చేశారు’ అన్న గడి పెట్టించాను. ఇంకొకరి నోటి మాట మీద నేను మళ్లీ టిక్కు పెట్టలేదు. సంజన ఫైలు ఇప్పటికీ ఆ కంపెనీలో ఉంటుంది. అందులో తప్పని నమోదైన జవాబు ఒక్కటే ఉంది, దాని కింద సంతకం నాది.