పెండ్లి అక్షరాలు

నంద్యాలలో నాది ఫ్లెక్సీల అంగడి. నా కంప్యూటర్లో చేతిరాత మాదిరి లావుపాటి అక్షరాలు ఒక రకం ఉండాయి. తోకలు చాచి, నడుములు తిప్పి, ఊరేగింపులో చిందేసినట్టుంటాయి. పెండ్లిండ్లకు, పుట్టినరోజులకు తప్ప వాటిని వాడను. సావుకు నిటారు అక్షరాలే. ఎవరన్నా కాదంటే గొడవకు దిగుతా.

ఒకసారి చాగలమర్రి నుంచి ఒక అవ్వ వచ్చింది. చనిపోయిన భర్త సమాధి రాయికి పేరు కావాలంది. నేను కాగితం మీద తీసిస్తే ఆళ్లగడ్డ శిల్పి రాయి మీద చెక్కుతాడు. నిటారు అక్షరాలు చూపించినా.

"ఇదేందప్పా, కరెంటాఫీసు బోర్డు మాదిరుండాది. ఆ గోడమీద ఏలాడే ఫ్లెక్సీలోని పెండ్లి అక్షరాలు పెట్టు."

"సమాధికి యాడన్నా అవి పెడ్తారా అవ్వా?" కసురుకున్నా.

"మా ఆయప్ప యానాడు నిటారుగా నిలబడినాడు? చర్చిలో పాట ఎత్తుకుంటే ఊగుతానే ఉంటాండె."

నిటారు అక్షరాలు చెరిపేసినా. అవే పెట్టి ఇచ్చినా. శిల్పికి మాత్రం సంబరం. లావు గీతలైతే ఉలి దెబ్బకు అంచులు రాలవంట.

రాయి నిలబెట్టిన దినం నేనూ పోయినా. సమాధుల తోటలో అన్ని పేర్లూ బిగుసుకొని నిలబడింటే, ఆయన పేరొక్కటే ఊగుతాంది. అవ్వ చివరి అక్షరం తోకను వేలితో తడిమింది. ఆ పక్కనున్న ఖాళీ జాగా ఆమెకోసం ఉంచిందే.

"ఈ తోక ఇంగ రోంత నా దిక్కు సాగదీసింటే బాగుండు కదప్పా," అనింది నవ్వతా.