మూడు రాళ్ల కొమ్మ

మా అడవి ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. దారి చీలినచోట ముందు పోయేవాళ్లు తప్పు దారికి అడ్డంగా ఓ పచ్చికొమ్మ పెట్టి, మీద రాయి ఉంచి పోతారు. వెనక వచ్చేవాళ్లు రెండో దారి పట్టుకుంటారు. ఆ కొమ్మతో ఎవరూ అబద్ధం ఆడరు. నేను రెండుసార్లు ఆడాను. రెండుసార్లూ ఒక్క మనిషి మీదే.

నా పదకొండో ఏట, అమ్మ చేనుకు పోయిన పూట, దళం వాళ్లు నన్ను పట్టుకుపోయి లోపలి అడవిలో వాళ్ల శిబిరంలో పడేశారు. చుట్టూ తుపాకుల కాపలా. జుట్టు కత్తిరించారు, పేరు మార్చారు. ఇంటికి పోతానని ఏడిస్తే వాళ్ల నాయకుడు అనేది ఒకటే మాట. "ఏడ్వకు. మీ అమ్మనే నిన్ను మాకిచ్చింది. పోయినా ఇంట్లకు రానియ్యదు."

తిన్న దెబ్బలు మర్చిపోయాను. ఆ మాట మర్చిపోలేదు. తొమ్మిది నెలలు నేను తిట్టుకున్నది అతన్ని కాదు, మా అమ్మని. అందుకే అతనంటే నాకు ఈనాటికీ పగే.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఓ పొద్దున నీళ్లకు పంపితే, బిందె వాగులో వదిలేసి వాగు పారే వైపే నడిచాను. నిజంగా ఇచ్చావా అని అమ్మని అడగాలి, అంతే. రెండు రోజులు ఇప్పపువ్వే తిండి. మూడో రోజు దారి చీలింది. ఎడమ దారికి అడ్డంగా తునికి కొమ్మ, ఇంకా వాడిపోలేదు. దాని మీద మూడు రాళ్లు. గాలికి లేస్తుందని మూడు పెట్టేది ఊరు మొత్తంలో మా అమ్మ ఒక్కతే. పక్కనే ఎండిన పాత కొమ్మల కుప్ప. ఎన్ని నెలలుగా నా కోసం వచ్చి మారుస్తోందో! అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత ఆ కొమ్మ తీసి మా ఊరి దారికే అడ్డం పెట్టాను. నన్ను వెతుక్కుంటూ వచ్చి ఆ నాయకుడు గుట్టల్లో పడి చావనీ అనుకున్నాను.

ఇల్లు చేరిన రోజే అమ్మ నన్ను కారేపల్లిలో చుట్టాలింట దాచింది. అడగాలనుకున్న మాట ఇక అడగలేదు.

కొన్నేళ్లకు మళ్లీ ఊరు చేరుకున్నాను. మొన్న ఎండాకాలం ఆ దళం నాయకుడు మా ఊరొచ్చాడు. ఎప్పుడో లొంగిపోయాడట, జూలూరుపాడులో కోళ్లు అమ్ముకుంటున్నాడట. నాటుకోళ్ల కోసం తిరుగుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను గొంతు వినగానే గుర్తుపట్టాను.

"రోడ్డుకు ఎటు పోవాలె బిడ్డా?"

"కొమ్మ చూసుకుంట పో."

అడ్డదారిన ముందే పోయి రోడ్డు దారికి కొమ్మ అడ్డం పెట్టాను. మూడు రాళ్లూ పెట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం దాటాక, కట్టెలకు పోయిన అమ్మ అతన్ని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. అతనెవరో ఆమెకు తెలియదు. "దారి తప్పిండు, పాపం" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చెంబు లాక్కున్నాను.

"ముందు చెప్పు. నన్ను మా అమ్మ మీకిచ్చిందా?"

అప్పుడు చూశాడు నన్ను. మొహం మాడిపోయింది.

"లేదు. మేమే గుంజుకపోయినం. పిల్లలందరికీ గట్లనే చెప్పేది."

చెంబు ఇచ్చాను. పగ తీరిందనుకున్నాను.

అమ్మ అతని వైపు చూడనే లేదు. నన్నే చూస్తోంది.

"ఏంది బిడ్డా, నువ్వు నమ్మినవా?"

"నువ్వు పెట్టిన కొమ్మలు చూసేదాంక" అన్నాను.