అది దొంగ మెసేజ్ అని చెప్పాను

కొన్నేళ్ళుగా ఒక మాట గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికివాడి పద్ధతే ఇది.

నాది జగ్గయ్యపేట. నందిగామ దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో అందరి ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులూ నేనే వేస్తాను. ఒక ఏడాది ఒకరికి సాయం చేశాను, మరుసటి ఏడాదికి ఆ పని నా మెడకు చుట్టుకుంది. నిజం చెప్పాలంటే అలా చుట్టుకోవడం నాకు ఇష్టమే. జూలై వచ్చిందంటే భోజనాల వేళ అందరూ నా బల్ల చుట్టూ చేరతారు. ఎవరో ఒకరు టీ తెప్పిస్తారు. ఆ నెల రోజులూ హెడ్‌మాస్టర్ కంటే నాకే మర్యాద ఎక్కువ.

దొంగ మెసేజ్‌ల గురించి పాఠం చెప్పేదీ నేనే. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఫోన్ చేసి ఓటీపీ అడగరు. ఇప్పుడే కట్టకపోతే అరెస్టు చేస్తామని బెదిరించరు. నోటీసు నిజమైతే దాని మీద ఒక నంబరుంటుంది, పోర్టల్‌లో కొట్టి చూస్తే తేలిపోతుంది. ఇదంతా మా వాళ్ళకు కంఠస్థం చేయించాను.

సలోమీ టీచర్ మా బడిలో తెలుగు చెప్పేది. చెవిటికల్లు నుంచి వచ్చేది. భర్త లేడు. అక్క ఇంట్లో ఉంటూ, అదే ఊళ్ళో గోడలు లేచి ఆగిపోయిన తన ఇంటికి స్లాబు వేయించుకోవాలని జీతంలోంచి దాచుకునేది. అక్క ఆమె దగ్గర అద్దె తీసుకోదు. అయినా ఆమె అద్దె కడుతున్నట్టు రిటర్నులో చూపించాను. ఆమెను అడగలేదు. అద్దె చూపిస్తే పన్ను తగ్గుతుంది, ఇంటి పనికి నాలుగు డబ్బులు కలిసొస్తాయి కదా అనుకున్నాను. అడిగితే వద్దంటుందని తెలిసే అడగలేదా? ఏమో. రిఫండ్ పడినరోజు ఆమె అందరికీ మైసూర్‌పాక్ తెచ్చింది. నేను రెండు ముక్కలు తిన్నాను.

మరుసటి ఏడాది ఒక ఉదయం, ప్రార్థన బెల్లు కొట్టకముందే, ఫోన్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళంట, ఏదో నోటీసు ఇచ్చామని మెసేజ్ పెట్టారు. ఇది నిజందా, దొంగదా? కాస్త చూసి చెప్పండి.”

చూశాను. అందులో డబ్బు అడగలేదు. లింకు లేదు. పోర్టల్‌లోకి వెళ్ళి నోటీసు చూసుకోమని మాత్రం ఉంది.

“దొంగదేనండి. ఇలాంటివి రోజూ వస్తానే ఉంటాయి. తీసేయండి.”

“మీరు చెప్పారుగా. ఇంక నాకు భయం లేదు,” అని నా ఎదురుగానే తీసేసింది.

ఎందుకలా అన్నాను? ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. ఆ రోజుల్లో అంతా దొంగ మెసేజ్‌ల గోలే కాబట్టి, బెల్లు కొట్టబోతోంది కాబట్టి, నా కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను కాబట్టి, నేనూ పొరబడి ఉంటాను. పొరబడటం తప్పు కాదు కదా? అయితే ఆ రోజు కళ్ళద్దాలు నిజంగా మర్చిపోయానా, ఆ తర్వాత ఎప్పుడో కల్పించుకున్నానా? అదీ ఇప్పుడు తెలియడం లేదు.

జవాబు ఇవ్వని నోటీసు ఊరుకోదు. కొన్నాళ్ళకు వడ్డీతో సహా కట్టమని ఆమె ఇంటికి కాగితం వచ్చింది. తీసుకొచ్చి నాకే చూపించింది. ఏదో లెక్క తేడా వచ్చిందన్నాను. కట్టేసింది. ఆ మెసేజ్ నిజమైనదేనని అప్పుడు ఆమెకు అర్థమైంది. నన్ను ఒక్క మాట అనలేదు. మీకే తెలియకపోతే నాకేం తెలుస్తది మాస్టారూ, ఇద్దరం మోసపోయాం అంది. ఆ ‘ఇద్దరం’ విని తల వంచుకున్నాను. ఆమె నన్ను ఓదార్చింది కూడా.

అక్కడితో అయిపోయినా బాగుండేది. మరికొన్ని నెలలకు ఒకడు ఆఫీసరునంటూ ఆమెకు ఫోన్ చేశాడు. బకాయి ఇంకా ఉందని, గంటలో అకౌంటు ఆపేస్తామని బెదిరించాడు. ఓటీపీ అడిగాడు. నేను నేర్పిన పాఠం ప్రకారం అది పచ్చి దొంగ ఫోను. ఆమె ఓటీపీ చెప్పేసింది. స్లాబు డబ్బంతా పోయింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, నేనే రాశాను. ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఓటీపీ ఎందుకు చెప్పారండీ అని అడిగితే నెమ్మదిగా అంది: “కిందటిసారి దొంగదనుకుని వదిలేస్తే నిజమైంది కదా మాస్టారూ. ఈసారి కూడా వదిలేస్తే ఏమవుద్దోనని భయపడ్డా.”

డబ్బు తిన్నవాడు వేరే ఉన్నాడు. అతన్ని నేను చూడలేదు, అతని గొంతు వినలేదు. అయినా అతని కంటే ముందు ఆమె తెలివిని పాడుచేసింది ఎవరు? నిజాన్ని దొంగదని చెప్పినవాణ్ణి నేను. ఆ తర్వాత దొంగది నిజంలా కనిపిస్తే ఆమె తప్పేముంది? ఇలా ఆలోచిస్తాను. మరునాడు, ఓటీపీ చెప్పింది ఆమే కదా అనిపిస్తుంది. ఆ మర్నాడు మళ్ళీ మొదటికొస్తాను. పోయిన వేసవిలో ఆమె రిటైరైంది. ఆ గోడల మీద రేకులు వేయించుకుని అందులోకి చేరింది. గృహప్రవేశానికి పిలిచింది. వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరితో పాటు కళ్ళు మూసుకున్నాను.

ఒక సంగతి ఇంతవరకూ మీకు కూడా చెప్పలేదు. మా వాళ్ళకు మెయిల్ చూసే అలవాటు లేదు. అందుకని అందరి లాగిన్లకూ నా మెయిలే ఇచ్చేవాణ్ణి. ఆ నోటీసు ముందురోజు సాయంత్రమే నాకు వచ్చింది. జగ్గయ్యపేట బస్సులో కూర్చుని మొత్తం చదివాను. అద్దె గురించే అడిగారు. పోర్టల్‌లో నంబరు కొట్టి చూశాను. నిజమైనదేనని తేలింది. ఒప్పుకుంటే అద్దె సంగతి బయటపడుతుంది, నా పరువు పోతుంది. ఆమె ఫోనుకూ మెసేజ్ వెళ్తుంది కాబట్టి, రేపు అడిగితే ఏం చెప్పాలో బస్సు దిగేలోపే అనుకున్నాను.

పొరబడలేదు. తెలిసే చెప్పాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. సలోమీ టీచర్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు.