పొట్టేలి చెవిలో నీళ్ళు

"అమ్మీ, ఆ పొద్దు పొట్టేలు దానంతట అదే విదిలించిందా?"

"అవునత్తా. దానంతట అదే."

"నా తలమీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టినాను. "దానంతట అదే విదిలించిందత్తా."

"సరేలే, పో" అనింది.

అంతే. మా అత్తా నేనూ మాట్లాడుకున్న కడా మాటలు అవే. పొద్దు వాలకముందే ఆమె పోయింది. నేను చెప్పింది అబద్ధం. చచ్చిపోయే మనిషి తలమీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినాను. చానా ఏండ్లుగా మోస్తా ఉన్న బరువు మీద ఇంకొంచెం ఎత్తి పెట్టుకొన్నాను. నెత్తిమీద గంప అయితే దావన పోయేవాళ్ళను పట్టి దించమని అడగొచ్చు. ఇది యాడ ఉందో కూడా చూపించలేను.

నేను చెప్తా ఉంటే రాసేది నా చెల్లెలి కూతురు రత్న. హోసూరులో ఫ్యాక్టరీకి పోతాది, ఆదివారమని వచ్చింది. నాకు నా పేరు రాసేదొకటే వచ్చు, అదీ వంకరగా. రత్నా, ఎట్ల చెప్తే అట్ల రాయి. మంచిమాటలు చేర్చొద్దు. నా గొంతు గీరుకొని పోయింది, వినిపించకుంటే మళ్ళీ అడుగు. ఇది చదివే మీరు ఎవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళైతేనే మేలు. తెలిసిన మొగం చూస్తా చెప్పలేను.

మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. గొర్రెలోళ్ళం. మా ఇండ్లలో మిలిటరీకి పోయిన మొదటోడు నా మొగుడే. లీవులో వచ్చినప్పుడే మాకు కాపురం. అంతా కలిపితే ఒక వానకాలం అంత ఉంటాదేమో. అంతలో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. ఆయన ఉండింది ఆ పక్క కాదంట, పడమర పక్క, ఇసుక దేశంలో. యుద్ధం గెలిచినామని రాయకోటలో మిఠాయి పంచినారు. నేనూ తిన్నాను. ఆ తర్వాత తంతి వచ్చింది. పోస్టాయన చదివి చెప్పినాడు, కనిపించలేదు అని. చచ్చిపోయినాడని లేదు. బతికినాడని లేదు. కనిపించలేదు. గొర్రె తప్పిపోతే మేము అనే మాట అది.

మా అత్త నా బొట్టు మీద చెయ్యి వెయ్యనియ్యలే. దినామూ సాయంత్రం నేను పసుపు పూసుకొని, పూలు పెట్టుకొని, రాయకోట బస్సు వచ్చేదాకా రోడ్డు కాడ నిలబడాల. "ఏమ్మా, ఈ పొద్దు కూడా నీ మొగునికి టికెట్టు దొరకలేదంట" అనేటోడు కండక్టరు ఒకాయన. చెడ్డోడు కాదు, నోరు అట్లాంటిది. బస్సులో ఉండేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంటికి వస్తే మా అత్త నా మొగునికి తినే తట్టలో రాగిముద్ద పెట్టి, ఆయన కూర్చునే చోట పెట్టి, "ఉప్పు చాలిందా అప్పా?" అని అడిగేది. అడిగి, బదులు కోసం ఆగేది. ఆ తర్వాత తల ఊపేది. తట్ట ఎత్తేటప్పుడు ముద్దలో వేలు దిగిన గుర్తు ఉండేది. మా అత్త వేలే అయ్యుంటాది. అట్లనే అనుకొన్నాను. ఒక్కసారి కూడా ఆమె వేలు పెట్టేది నేను చూడలే.

నిజం చెప్తానని కూర్చున్నాను కాబట్టి ఇదీ చెప్పాల. ఆయన మొగం నాకు మరిచిపోయింది. మీసం గుర్తుంది, చెప్పుల చప్పుడు గుర్తుంది, మొగం లేదు. అట్లాంటప్పుడు రోడ్డు మీద నేను ఎవరి కోసం నిలబడినట్లు? మొగం లేని మనిషి ఒకడు బస్సు దిగి, ఏమీ మాట్లాడకుండా, నా వెనకాలే ఇంటిదాకా నడిచి వస్తే? వస్తాడని ఎదురు చూసినదాన్ని, వస్తాడేమోనని భయపడేదాన్ని అయినాను. ఎప్పుడు మారినానో నాకే తెలీలే.

ఒక పంద్రాగస్టుకు కృష్ణగిరిలో యుద్ధంలో పోయినోళ్ళ పెండ్లాలను పిలిచి శాలువాలు కప్పినారు. నన్నూ రమ్మన్నారని పోయినాను. ఆడ ఒకాయన కాగితం చూసి "నువ్వు ఈ వరస కాదమ్మా, అట్ల పక్కన నిలబడు" అన్నాడు. నిలబడినాను. పోచంపల్లి పక్కనుంచి వచ్చిన ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చొని ఏడ్చింది. కడుపునిండా ఏడ్చింది. ఎవరో నీళ్ళు తెచ్చి ఇచ్చినారు, ఎవరో వీపు నిమిరినారు. నాకు ఆమె మీద కడుపు మండింది. మొగుడు చచ్చినదాన్ని చూసి కడుపు మండేది ఎట్లాంటి మనిషికి? నాకే. ఆమెకు ఏడ్చేదానికి ఒక చోటు ఉంది. నాకు అది కూడా లేదు.

మా వాళ్ళలో పోట్లాటలో పోయినోనికి రాయి నాటుతారు. మా చేన్ల గట్ల మీద పాతవి ఇంకా ఉన్నాయి, కత్తి ఎత్తి నిలబడినోళ్ళు, ఏ కాలమోళ్ళో ఎవరికీ తెలీదు. రాయి నాటాలంటే మనిషి పోయినాడని తేలాల. శవం రానప్పుడు పొట్టేలిని అడుగుతారు. దాన్ని నిలబెట్టి, వీపు మీద పసుపు నీళ్ళు పోసి, ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే ఆయన పోయినట్లు, వచ్చి పలికినట్లు. విదిలించకుంటే బతికున్నట్లు, ఎదురు చూడాల. నీళ్ళు మెడ దిగువనే పోయాల. మెడ పైన చుక్క పడకూడదు. చెవిలో నీళ్ళు పడితే ఏ గొర్రె అయినా విదిలిస్తాది, మా ఇండ్లలో పిల్లోళ్ళకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే కులపెద్ద పక్కనే నిలబడి చూస్తాడు.

ఊరోళ్ళు ఇంక అడగాల్సిందే అన్నప్పుడు మా అత్త ఒప్పుకొనింది. సంతోషంగా ఒప్పుకొనింది. "అడగండి. నా కొడుకు బతికున్నాడని తేలితే అప్పుడన్నా మీ నోళ్ళు మూతపడతాయి" అనింది.

నీళ్ళు పొయ్యాల్సింది పెండ్లాం. పిలవాల్సిందీ పెండ్లామే. నేను ఎన్నడూ ఆయన పేరు నోటితో అనలే. "ఇదో" అని పిలిచేదాన్ని, ఆయన తిరిగి చూసేటోడు. మా పల్లెలో మొగుని పేరు ఎత్తేది లేదు. ఆయన పేరు మొదటిసారి నా నోట్లోంచి వచ్చింది ఆ మధ్యాన్నమే, ఆయన పోయినాడా లేదా అని అడిగేదానికి. రత్నా, ఆ పేరు నీకు తెలుసు. రాయొద్దు.

పిలిచినాను. పొట్టేలు కదల్లే. నీళ్ళు తోకదాకా జారి నేలలో ఇంకిపోయినాయి. అది నన్నే చూస్తా ఉండింది. మళ్ళీ పిలిచినాను. కదల్లే. మా అత్త మొగంలో వెలుతురు వచ్చింది. ఆ వెలుతురు చూసి నాకు రోడ్డు కనిపించింది, బస్సు కనిపించింది, తట్టలో వేలి గుర్తు కనిపించింది, ఇంక నేను సచ్చేదాకా ఇదే అని కనిపించింది. ఏడుపు వచ్చింది. దొంగ ఏడుపు కాదు. పొట్టేలి మెడ పట్టుకొని దాని మీద పడినాను. ఆడోళ్ళు "అయ్యో పాపం" అన్నారు. మగోళ్ళు మొగం పక్కకు తిప్పుకొన్నారు, కులపెద్ద కూడా తిప్పుకొన్నాడు. నా కొంగు తడిసి బరువుగా ఉండింది. దాన్ని పొట్టేలి చెవిలో పిండినాను.

ముందే అనుకొని చేసినానా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగినానో. నాకు తెలీదు. నా చెయ్యికి తెలుసు.

పొట్టేలు విదిలించింది. పసుపు నీళ్ళు ఎగిరి అందరి మీదా పడినాయి. మా అత్త మొగం మీద కూడా పడినాయి. ఆమె తుడుచుకోలే.

మా ఇంటి పక్కనే రాయి నాటినారు. తుపాకి పట్టుకొన్న మనిషిని చెక్కించినారు. పంద్రాగస్టుకు పిల్లోళ్ళందరినీ ఇస్కూలు అయ్యవారు ఆడికే తోలుకొని వచ్చి, జెండా కట్టి, దేశం కోసం ప్రాణమిచ్చినాడని చెప్పి సలాము కొట్టించేవాడు. మిలిటరీకి సెలెక్షనుకు పోయే పిల్లోళ్ళు ఆడ టెంకాయ కొట్టి పోయేవాళ్ళు. నాకు కుర్చీ వేసినారు. కుర్చీలో కూర్చొని కడుపునిండా ఏడ్చినాను, నీళ్ళు తెచ్చి ఇచ్చినారు. బాగుండింది. అదీ రాయి రత్నా, నాకు బాగుండింది.

ఆ తర్వాత గొర్రెలు నిలబడేది మొదలైంది.

పొద్దుగూకే యాల మందను దొడ్డికి తోలుకొని వస్తా ఉంటే ఒక చోట అన్నీ ఆగిపోయేవి. తలలెత్తి, చెవులు ముందుకు పెట్టి, నోట్లో మేత నోట్లోనే పెట్టుకొని, అన్నీ ఒకే పక్క చూసేవి. రాయి పక్క కాదు. ఉత్తరం పక్క. ఎవరో పిలిస్తే వింటాయి చూడు, అట్ల. నాకు ఏమీ వినిపించేది కాదు. ఆయన పాలు తాగించి పెంచిన ముసలి గొర్రె ఒకటి ఉండింది. అది అరిచేది. అరిచి, ఆగి, విని, మళ్ళీ అరిచేది. బదులు చెప్పినట్లు. నా ఒంటిమీద వెంట్రుకలు నిలబడేవి. అయినా లోపల ఒక ధైర్యం కూడా ఉండింది. ఆయన పోయి, దేవుడై, తిరుగుతా పిలుస్తా ఉన్నాడంటే, ఆ పొద్దు పొట్టేలు చెప్పింది నిజమే కదా? నేను పిండినా పిండకున్నా నిజమే కదా? అట్ల ఆ భయాన్నే పట్టుకొని బతికినాను.

ఒక మధ్యాన్నం రాయి కాడ చిమ్ముతా ఉంటే ఒకాయన వచ్చినాడు. ఊత్తంగరై పక్కోడు, మిలిటరీలో చేసి వచ్చేసినోడు. ఒక కాలు ఈడ్చి నడుస్తా ఉన్నాడు.

"ఇది ఎవరి రాయమ్మా?"

"నా మొగునిది."

"పోయినాడని ఎవరు చెప్పినారు?"

"పొట్టేలు చెప్పింది."

ఆయన నవ్వలే. రాయి నీడలో కూర్చొని చెప్పినాడు. యుద్ధంలో తనను పట్టుకొని, మనతో కొట్లాడిన దేశం జైల్లో పెట్టినారంట. గోడ అవతల ఎవరో ఒకడు పొద్దుగూకే యాలకు గొర్రెలను పిలిచేటోడంట. నాలుక మడిచి, గొంతులోంచి, మన పక్క గొర్రెలోళ్ళు పిలిచే పిలుపే. మతి తప్పినోడని కావలోళ్ళు నవ్వేవాళ్ళంట. అందరినీ వదిలిపెట్టినప్పుడు ఆ మనిషిని తేలేదంట. "మొగం చూడలేదమ్మా. నీ మొగుడే అని నేను చెప్పలేను. ఈ పక్కోడు ఒకడు కనిపించకుండా పోయినాడని విని వెతుక్కొని వచ్చినాను. తల్లి అర్జీ పెట్టుకుంటే విచారిస్తారు. ముసలామె యాడ?"

మా అత్త పెరట్లో చింతపండు కొడతా ఉండింది. ఆ చప్పుడు మాకు వినిపిస్తానే ఉండింది.

"ఆమెకు చెప్పొద్దన్నా. గుండె బాగలేదు. మేము రాయి నాటేసినాము" అన్నాను. మజ్జిగ ఇచ్చినాను. తాగి, చెంబు బోర్లించి, ఆయన రాయిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి పోయినాడు. మళ్ళీ రాలే. పేరు కూడా అడగలే నేను.

మా అత్త గుండె గట్టిదే. చెప్పింటే ఆ నిమిషమే లేచి కృష్ణగిరికి నడిచింటాది. చెప్పింటే కులపెద్ద అడుగుతాడు, మరి పొట్టేలు ఎట్ల విదిలించిందని. అందుకే చెప్పలే. కుర్చీ కోసమా, సిగ్గు కోసమా, ఆ మొగం లేని మనిషి నిజంగా బస్సు దిగుతాడేమో అనే భయమా? మూడూ అని చెప్తే తప్పించుకొన్నట్లు ఉంటాది. సిగ్గు. సిగ్గే ముందర.

ఆ సాయంత్రం గొర్రెలు ఎప్పటి మాదిరి నిలబడినాయి. పోయినోడు పిలిస్తే కోడి కోసి మొక్కుకోవచ్చు. బతికినోడు పిలిస్తే ఏం చెయ్యాల? ఆ పొద్దు మొదటిసారి నాకూ వినిపించింది. చానా సన్నగా. గాలేమో. అంత దూరం నుంచి గొర్రెలకు వినిపిస్తాదా అంటే వినిపించదు, నాకూ తెలుసు. ఆ ముసలి గొర్రె ఎప్పుడో పోయింది. ఇప్పుడుండేవి ఆయన్ను చూసినవి కావు. అయినా నిలబడతాయి. నిన్న కూడా నిలబడినాయి. ఎందుకు నిలబడతాయి? రత్నా, నువ్వు చదువుకొన్నదానివి, నువ్వే చెప్పు.

మా అత్త సంగతి ఇంకొకటి ఉంది. చెవిలో నీళ్ళు పడిన గొర్రె ముందు తల విదిలిస్తాది. వీపు మీద నీళ్ళకు విదిలించేది వీపు కాడ మొదలవుతాది. పుట్టినప్పటినుంచి మందతో తిరిగిన మనిషికి అది కనిపించకుండా ఉంటాదా? మరి ఆ పొద్దే ఎందుకు అనలే? ఆమెకూ అలుపొచ్చిందా? తట్ట పెట్టి పెట్టి, బదులు కోసం ఆగి ఆగి, ఎవరైనా ఇది ముగిస్తే బాగుండునని ఆమెకూ అనిపించిందా? ఇట్ల అంటే నా తప్పులో సగం తెచ్చి ఆమె మీద వేసినట్లే. కొట్టెయ్యొద్దు, కానీ ఇది నా అనుమానం అని రాయి. కడాకు ఆమె అడిగింది నాకు ఒక దావ చూపించేదానికేమో. ఆ దావ కూడా నేనే మూసేసినాను.

క్షమించమని అడగను. అడగాల్సింది ఇద్దరిని. ఒకామెను నా చేతులతోనే మట్టిలో పెట్టినాను. ఇంకొకాయన యాడున్నాడో, ఉన్నాడో లేదో. ఉంటే వెంట్రుకలు నెరిసింటాయి. ఈ కాగితం ముందు కులపెద్దకు చదివి వినిపించు. ఆ తర్వాత మిలిటరీ ఆఫీసుకు అర్జీ రాయి, తల్లి పెట్టాల్సిన అర్జీ పెండ్లాం పెడతా ఉందని రాయి, ఆలస్యం ఎవరిదో కూడా రాయి. ఇన్నేండ్లకు ఎవరు విచారిస్తారు, నాకు తెలీదు. ఊరోళ్ళు నా మొగం మీద ఉమ్మితే ఉమ్మనీ. చెప్పినాక గొంతు నొప్పిగా ఉంది, రొమ్ములో గుప్పెడంత చోటు ఖాళీ అయినట్లు ఉంది. అంతే.

ఇప్పుడు మొదటినుంచి చదివి వినిపించు రత్నా. నిదానంగా చదువు. నా మొగుడు చచ్చిపోయినాడని నేను యాడన్నా అనింటే ఆడ ఆగు. దాన్ని కొట్టేసి, తెలీదు అని రాయాల. చదువు.