తలపాగా వరకే

మొన్న ఫోనులో పాత ఫొటోలు చూసుకుంటూంటే, ఈ రెండూ ఒకటే, ఒకటి తీసేయమంటారా అని ఫోనే అడిగింది. తీసేయనూ లేదు, వద్దననూ లేదు, దాన్ని బల్ల మీద పెట్టి ఊరుకున్నాను.

పత్రికల్లో పనిచేసిన మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండు వేల పదుల్లో జిల్లా కార్యాలయాల ఫొటోలన్నీ ఒక కంప్యూటరు పెట్టెలోకి చేరాయి. శ్రీకాకుళంలో మా పెట్టెలో రెండు డిస్కులుండేవి. ఒకదానిలో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే పడుతుంది, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని మా ధైర్యం. ఆ రెండూ నిజంగా ఒకేలా ఉన్నాయో లేదో ప్రతి సోమవారం సరిపోల్చి చూసే పని, పెద్దవాణ్ణి కదా అని, నాకు అప్పగించారు. పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకి తేడాలెన్నో అంకె చూపించేది. ఎప్పుడూ సున్నాయే. రిజిస్టరులో సున్నా వేసి సంతకం పెట్టేవాణ్ణి.

ఒక సోమవారం సున్నా రాలేదు. సరిచేయమంటారా అని తెర మీద కనబడితే సరేనన్నాను. మళ్ళీ చూస్తే సున్నా. ఇద్దరు విలేకరులు ఒకే ప్రమాదానికి రెండు లెక్కలు పంపితే మూడోవాడికి ఫోను చేయందే వార్త వదలని మనిషిని, ఆ రోజు మాత్రం ఏది నిజమని ఎవరినీ అడగలేదు.

కొన్ని వారాలకి, మా వీధికి చేపలు తెచ్చే అక్క ఆఫీసుకి వచ్చింది. భర్త సముద్రం మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పెద్దకార్యం నాడు దండ వేద్దామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు, గుర్తింపు కార్డులు కూడా అతనితోనే పోయాయి. "ఆ పెద్ద సేప పడినప్పుడు మీవోళ్ళు తీసినారు గదా బాబూ, అది సూడు," అంది. పాత పేపరు వెతికి తీశాను. అందులో చేప ఒక్కటే ఉంది, పక్కన కూర్చున్న మనిషిని మేమే కత్తిరించాం. పెట్టెలో అసలు ఫొటో తెరిచాను. ఆకాశం వచ్చింది, పడవ కొస వచ్చింది, ఎర్ర తలపాగా వచ్చింది. అక్కణ్ణుంచి కిందికి అంతా బూడిద రంగే. ఫొటో తీసినాయన కెమెరా కార్డు ఎప్పుడో తుడిచేసి మళ్ళీ వాడుకున్నాడు.

ఆ పెట్టె అమర్చిన మా బావ కబురందుకుని చీపురుపల్లి నుంచి రైలెక్కి వచ్చాడు. "రెండూ కలవనేదని అది సెప్తాది గానీ, ఏది మంచిదో దానికేటి తెలుసు బావా? మొదటిదాన్ని రెండోదాని మీద రాసీసినాది. పాడైంది ఆ మొదటిదే." రెండోదానిలో ముఖం ఉండేదా అని అడిగాను. "ఉండీది," అన్నాడు. పెట్టె మూత బిగిస్తూ, "నానొచ్చీదాకా ఆగలేకపోనావేటి?" అన్నాడు.

మర్నాడు అక్క తెర వైపు చాలాసేపు చూసింది. "మావోడి తలపాగాయే. అదే తియ్యి బాబూ," అంది. ప్రింటు తీసి ఇస్తే కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ రాలేదు. సాయంత్రం ఎప్పట్లాగే పేజీలు పంపాను. ఆ తర్వాతి సోమవారం సున్నా వేసి సంతకం పెట్టాను.

ఇప్పుడు రేవులో వల లాగే ప్రతివాడి జేబులోనూ ఫోనుంది. పడిన చేపకీ, పక్కనున్న మనిషికీ పది ఫొటోలు పది చోట్ల ఉంటున్నాయి, ఎవరూ మా ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదు. మంచిదే. మా రోజుల్లో ఒక మనిషి ముఖమంతా మా దగ్గరే ఉండేది, ఆ సంగతి అతని ఇంటివాళ్ళకి తెలుసు గానీ మాకు తెలియదు.