ఏడుపు ముఖంతో అమ్మిన జీడిపప్పు

పలాసలో బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ గొంతులో పడుతుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం సుభద్రమ్మగారు గుర్తుకొస్తారు. ఆవిడతోపాటు ఆవిడ నన్నన్న మాట కూడా గుర్తుకొస్తుంది. ఆ మాటను నేను క్షమించలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆవిడ మద్రాసు నుంచి తిరిగివచ్చారు. అక్కడ బట్టల కంపెనీల ప్రకటనల కోసం చీరలు కట్టుకుని ఫోటోలు దిగడం ఆవిడ ఉద్యోగం. ఆ ఫోటోల క్యాలెండర్లు టెక్కలి దాకా ప్రతి బట్టల కొట్లోనూ వేలాడేవి. ఊళ్ళో ఆవిడకు క్యాలెండరమ్మ అని పేరు. అలాంటి మనిషి ఒంటిమీది బంగారం అమ్మి జీడిపప్పు షెడ్డు పెడితే, ఆరు నెలల్లో మూసేస్తుందనుకున్నారు. నేనూ అనుకున్నాను. గుమాస్తా కూతురినై ఉండి పప్పు ఏరే పనికి రావలసివచ్చిందన్న ఉక్రోషం నాకు అప్పటికే ఉంది.

మొదటిరోజే అందరి ముందూ నన్ను లేపి కిటికీ పక్కకు మార్చారు. "ఎదురెండలో అన్నీ తెల్లగానే కనిపిత్తాయే. ఎలుగు పక్కనుంచి పడితే మచ్చ దాక్కోలేదు. నా మొకంమీద మచ్చలన్నీ ఫోటోలు తీసీవోడు అలాగే పట్టుకునీవోడు," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ తర్వాత మచ్చపప్పు నా చేయి దాటలేదు.

ఆ ఏటి సరుకంతా టెక్కలి దళారి కొంటాడనే ఆశతో ఉన్నాం. అతను వచ్చి, ఒక పప్పు నమిలి, "బాగుందమ్మా. గానీ డబ్బామీద మీ బొమ్మ ఏయండి. కలకత్తా వోళ్ళు బొమ్మ సూసే కొంటారు. బొమ్మ లేపోతే నాకొద్దు," అన్నాడు.

"మొకం అమ్ముకోడం అయిపోనాది బాబూ. ఇప్పుడు పప్పే అమ్ముతున్నాను," అన్నారావిడ. అతను లేచి వెళ్ళిపోయాడు.

షెడ్డు మూతపడితే మా కూలి పోతుంది. నేను ఊరుకోలేకపోయాను. "ఏటమ్మా, ఓ బొమ్మేత్తే మీ సొమ్మేటి పోద్ది? మా నోట్లో మట్టి కొట్టేత్తన్నారు!"

ఆవిడ నన్ను సరుకును చూసినట్టు ఎగాదిగా చూశారు. "రేపు మెయిలుబండికి పొట్లాలు నువ్వే పట్టుకెళ్ళు. నాను నిలబడితే నన్నే సూత్తారు. నీ ఏడుపు మొకం ఎవడూ సూడడు. పప్పే సూత్తాడు."

షెడ్డంతా పగలబడి నవ్వింది. రావివలస నుంచి వచ్చే అప్పలమ్మయితే, "నిజివేనే! నిన్ను సూసి నవ్వినోడు ఈ పలాసలోనే లేడు!" అంది.

ఆ కోపంతోనే స్టేషనుకు వెళ్ళాను. ఇంజను నీళ్ళు పట్టుకునేలోపు కిటికీ కిటికీకీ తిరిగాను. నవ్వలేదు, బతిమాలలేదు. పొట్లం విప్పి చూపించాను. బేరమాడినవాళ్ళతో, "ఇష్టవైతే కొను, లేపోతే మానీ," అన్నాను. గంప ఖాళీ అయింది. ఆ వానాకాలమంతా షెడ్డును ఆ పొట్లాలే నిలబెట్టాయి. తిన్నవాళ్ళు కలకత్తాలో అడిగారు కాబోలు, మరుసటి పంటకు దళారి మళ్ళీ వచ్చాడు.

అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే సుభద్రమ్మగారు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు. "కిందటేడు ఈడేటన్నాడో నీకు గుర్తుంటాది. నువ్వే మాటాడు," అన్నారు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అదంతా అతనికి అప్పజెప్పి, ఆ తర్వాతే ధర చెప్పాను. తగ్గలేదు.

ఇంట్లోనూ బడిలోనూ అందరూ మానుకోమన్న, అన్న మాట మరవని నా గుణానికి జీతమిచ్చింది ఆవిడొక్కరే. షెడ్డు ఫ్యాక్టరీ అయ్యాక కూడా అమ్మకాలన్నీ నేనే చూశాను. ఏడుపు ముఖమన్నందుకు మాత్రం తప్పయిందని ఆవిడ ఏనాడూ అనలేదు.

ఆవిడ పోయిన రోజున వ్యాపారులు వరండాలో కూర్చుని ఆవిడ అందం గురించే చెప్పుకున్నారు. "మొకం సంగతి సాలు, పప్పు సంగతి సెప్పండి," అన్నాను. వాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారు. ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే.